కాంటెస్సాను దానం చేయాలంటే: బండి ఇవ్వాలా, అమ్మి సొమ్ము ఇవ్వాలా?

పానగల్లు_వాసి రాశారు:

సభ్యులందరికీ నమస్కారం. మా నాయన 1991లో కొన్న హిందుస్తాన్ కాంటెస్సా క్లాసిక్, ఇసుజు ఇంజనుతో వచ్చిన 1.8 జీఎల్‌ఎక్స్, నల్లగొండలో మా ఇంటి షెడ్డులో ఉన్నది. నాయన నిరుడు కాలం చేశారు. తన తర్వాత ఈ కారు మర్రిగూడ వైపు ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల ఎముకలు దెబ్బతినే జబ్బు) బాధితులను చూసుకునే ఆశ్రమానికి ఉపయోగపడాలని ఆయన అమ్మతో పలుమార్లు అన్నారు. ఆ ఆశ్రమాన్ని నడిపే ట్రస్టు వారిని అడిగితే, ఇస్తే సంతోషంగా తీసుకుంటామని చెప్పారు.

బండి నడిచే స్థితిలోనే ఉన్నది. అప్పుడప్పుడు సాగర్ రోడ్డు మీద తిప్పుతూ ఉంటాను. వెనుక తలుపు అడుగున, డిక్కీ అంచున తుప్పు కనబడుతున్నది. ఆర్.సి. ఇంకా నాయన పేరు మీదనే ఉన్నది, దాని గడువు వచ్చే ఏడాది ముగుస్తుంది. సినిమా షూటింగులకు పాత కార్లు అద్దెకు ఇచ్చే హైదరాబాదు వ్యాపారి ఒకరు కొంటానని వెంటపడుతున్నారు. ఇంట్లో అమ్మ, నేను, ఇద్దరు అక్కలం వారసులం. కారును ఆశ్రమానికి నేరుగా అప్పగించడం మంచిదా, అమ్మి వచ్చిన సొమ్మును ఇవ్వడం మంచిదా? నేరుగా ఇస్తే పన్నులో ఏమైనా మినహాయింపు దొరుకుతుందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

నకిరేకల్_మాస్టారు రాశారు:

నాయనా, మీ తండ్రి గారు కోరినది ఆశ్రమానికి ఉపయోగం జరగాలని. ఆశ్రమం ఆవరణలో కారు నిలబడాలని కాదు. ఈ రెండూ ఒకటే అనుకొని దానం చేసి, పుచ్చుకున్నవారిని ఇబ్బందిలో పెట్టినవారిని నేను చూశాను. ఫ్లోరోసిస్ ముదిరినవారికి నడుము, మెడ, మోకాళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి. కాంటెస్సాలో సీటు చాలా కిందికి ఉంటుంది. తల వంచి, నడుము తిప్పి, కాళ్ళు మడిచి లోపలికి పోవాలి. చక్రాల కుర్చీని డిక్కీలో ఎట్లాగో సర్దవచ్చు గాని, నడుము వంగని మనిషిని ఆ సీటులో ఎట్లా కూర్చోబెడతారు? వారిని హైదరాబాదు ఆసుపత్రికి తీసుకుపోవాలంటే కావలసింది పక్కకు జరిగే తలుపు, ఎత్తయిన కప్పు ఉన్న వ్యాను.

ట్రస్టు వారు సంతోషంగా తీసుకుంటామన్నారని రాశారు. ఇస్తానని వచ్చిన దాతను వద్దని పంపే ఆశ్రమం మన జిల్లాలో ఎక్కడ ఉన్నది? బీమా, రిపేర్లు, పెట్రోలు, డ్రైవరు జీతం ఎవరు భరిస్తారని మీరు అడగండి. అప్పుడు వచ్చే జవాబే అసలు జవాబు.

పాలమూరు_పిస్టన్ రాశారు:

అన్నగారికి నమస్కారం. మహబూబ్‌నగర్‌లో మాది రెండు తరాల మెకానిక్ షెడ్డు. మా నాయన కాలంలో కాంటెస్సాలు చాలా వచ్చేవి కనుక ఈ బండి గురించి కొంత చెప్పగలను.

ఉత్తరపారా ఫ్యాక్టరీలో 1984 నుండి 2002 వరకు తయారైన ఈ కారుకు బాడీ బ్రిటన్ వాక్సాల్ కంపెనీది. మొదట్లో అంబాసిడర్ 1.5 లీటర్ల ఇంజనునే దీనిలో పెట్టారు. అంత బరువును లాగలేక ఎత్తు ఎక్కేటప్పుడు అది ఆయాసపడేది. 1,817 సి.సి. ఇసుజు ఇంజను, ఐదు గేర్ల పెట్టె వచ్చిన తర్వాతనే దీనికి వేగం అనే మాట తగింది. 88 హార్స్ పవర్ అంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. కానీ ఆనాటి రోడ్ల మీద దీనికి పోటీ ఏది? ప్రీమియర్ 118 ఎన్‌ఈలో నిస్సాన్ వారి 1,171 సి.సి. ఇంజను ఉండేది. స్టాండర్డ్ 2000కు పైన రోవర్ రూపం ఉన్నా లోపల పాతకాలపు ఇంజను కావడంతో అది నాలుగేళ్ళు కూడా నిలబడలేదు. వెనుక చక్రాలకు శక్తినిచ్చే ఈ బరువైన బండి నార్కట్‌పల్లి దాటి హైవే ఎక్కిందంటే మూడో గేరులో వచ్చే లాగుడు వేరే. ఆ ముచ్చట తలచుకొని ఇప్పటికీ దీన్ని కొనేవారు ఉన్నారు.

ఇదే ఇసుజు ఇంజనును 1992 నుండి అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్‌లో కూడా పెట్టారు. అందువల్ల ఇంజను సామాను కోసం తిరిగితే దొరుకుతుంది. దొరకనివి వెనుక లైట్లు, అద్దాల చుట్టూ ఉండే బీడింగులు, ముందు అద్దం, లోపలి పిడులు. తుప్పు విషయంలో మీరు చూసినది పైపైన కనబడేదే కావచ్చు. జాకీ మీద ఎత్తించి, అడుగు పలకలను, వెనుక చక్రాల గూళ్ళను సుత్తితో మెల్లగా కొట్టి చూడమనండి. శబ్దం బోలుగా వస్తే టింకరింగ్ (రేకు పని) ఖర్చు మొత్తం లెక్కనే మార్చేస్తుంది.

ఇంకొక సంగతి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటున్నది. ఈ బండిలోని రబ్బరు పైపులు, కార్బొరేటర్ వాషర్లు దానికోసం చేసినవి కావు. ఎక్కువ రోజులు కదలకుండా నిలబడితే ఇథనాల్ తేమను పీల్చుకొని ట్యాంకు అడుగున తుప్పు పట్టిస్తుంది. ఆశ్రమంలో దీన్ని చూసుకునేవారు లేకపోతే రెండు వానాకాలాలు గడిచేసరికి బండి పాత ఇనుమువాడికే పోతుంది. లీటరుకు ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లు ఇచ్చే బండిని ట్రస్టు సొమ్ముతో తిప్పడం కూడా న్యాయం కాదు.

లెక్కల_పద్దు రాశారు:

మిర్యాలగూడలో పన్ను లెక్కలు చూసేవాడిని. పన్ను గురించి అడిగిన ప్రశ్నకు జవాబు సూటిగా చెప్పవచ్చు: కారును కారుగా ఇస్తే ఒక్క రూపాయి మినహాయింపు కూడా రాదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 80జి సెక్షన్‌లోని వివరణ ప్రకారం దానం సొమ్ము రూపంలో ఉంటేనే మినహాయింపు వర్తిస్తుంది. బియ్యం, బట్టలు, మందులు, కారు, ఏవి ఇచ్చినా అది పుణ్యం ఖాతాలోకే పోతుంది. సొమ్ము ఇచ్చినా 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే పనికిరాదు. చెక్కు ద్వారా గాని, బ్యాంకు బదిలీ ద్వారా గాని ఇవ్వాలి.

అమ్మి సొమ్ము ఇస్తే ట్రస్టుకు 80జి గుర్తింపు ఉన్నదో లేదో ముందు చూసుకోండి. ఉంటే, సాధారణంగా ఇచ్చిన దానిలో సగం మొత్తానికి, అదీ సర్దుబాటు చేసిన మొత్తం ఆదాయంలో పదో వంతు పరిమితికి లోబడి, మినహాయింపు దొరుకుతుంది. ట్రస్టు వారు వచ్చిన దానాల వివరాలతో 10బీడీ ఫారం దాఖలు చేసి మీకు 10బీఈ అనే దాన ధ్రువపత్రం ఇవ్వాలి. అది లేని రసీదును ఇప్పుడు ఎవరూ ఒప్పుకోరు. మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే ఈ మినహాయింపు అసలే లేదు, కనుక దీనికోసం ఆరాటపడవలసిన పని కూడా లేదు. 2026 ఏప్రిల్ నుండి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు, దానిలో సెక్షన్ల అంకెలు వేరు. ఆ తేదీ తర్వాత ఇస్తే మీ ఆడిటరును ఒకసారి అడగండి.

అమ్మితే లాభం మీద పన్ను పడుతుందా అని మీరు అడగలేదు గాని అడగవలసిన ప్రశ్న అదే. సొంతానికి, కుటుంబానికి వాడుకునే కారు చట్టం దృష్టిలో వ్యక్తిగత వస్తువు, మూలధన ఆస్తి కాదు. కాబట్టి కొన్న ధర కంటే ఎక్కువకు అమ్మినా పన్ను ఉండదు. అయితే వాడినట్లు ఆధారం ఉండాలి. 1931 నాటి ఫోర్డ్ టూరర్ కారును 1983లో 20,000 రూపాయలకు కొన్న ఒకాయన తర్వాత దానిని 21 లక్షలకు అమ్మి, అది తన వ్యక్తిగత వస్తువని వాదించారు. నిజంగా సొంత వాడకంలో ఉన్నదనడానికి ఆధారం చూపలేకపోయినందున బొంబాయి హైకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. మీ దగ్గర పెట్రోలు బిల్లులు, బీమా పత్రాలు, షెడ్డు రసీదులు ఉంటే పాత కాగితాలని పారేయకండి.

చండూరు_టు_డాలస్ రాశారు:

ఈ చర్చ చదువుతుంటే ఇక్కడి పద్ధతి చెప్పాలనిపించింది. అమెరికాలో కారు దానం పెద్ద వ్యవహారం. ఫోన్ చేస్తే ట్రక్కు వచ్చి తీసుకుపోతుంది, దాతకు పన్ను మినహాయింపు కూడా ఉన్నది. కానీ అందులోనూ మెలిక ఉన్నది. 2005కు ముందు దాతలు పత్రికల్లో వచ్చే ధరల పట్టిక చూసి తమ పాత డొక్కు కార్లకు ఇష్టం వచ్చిన విలువ రాసుకునేవారు. 2004లో చట్టం మార్చారు. ఇప్పుడు 500 డాలర్లకు మించి మినహాయింపు కోరాలంటే, సంస్థ ఆ కారును అమ్మగా వచ్చిన సొమ్ము ఎంతో అంతవరకే దొరుకుతుంది. సంస్థ ఆ కారును తన సేవా పనుల్లో గణనీయంగా వాడినా, పెద్ద మరమ్మతులు చేయించినా, పేదవారికి మార్కెట్ ధర కంటే చాలా తక్కువకు ఇచ్చినా మాత్రమే మార్కెట్ విలువను చూపవచ్చు. దానికి 1098-సి అనే ఫారం సంస్థ ఇవ్వాలి.

పాత వేగవంతమైన కార్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. 1969 నాటి ఫోర్డ్ మస్టాంగ్ కారును మామూలు పాత కార్లతో కలిపి టోకు వేలంలో పెడితే ఏదో ఒక ధరకు పోతుంది. దాని విలువ తెలిసిన సేకర్తల వేలంలో పెడితే సంస్థకూ లాభం, దాతకూ మినహాయింపు పెరుగుతుంది. అందుకే ఇక్కడ తెలిసినవారు కారు ఇచ్చే ముందు ఎక్కడ, ఎట్లా అమ్ముతారని సంస్థను అడుగుతారు. అన్నగారూ, మన దగ్గర మినహాయింపు లేకపోయినా ఈ ప్రశ్న మాత్రం మీకూ వర్తిస్తుంది. ట్రస్టు వారి చేతికి ఇస్తే వారు దాన్ని ఎవరికి, ఎంతకు అమ్ముతారు? కాంటెస్సా ధర వారికి తెలుసునా?

వనపర్తి_కోట రాశారు:

అమ్మడం, ఇవ్వడం కాక మూడో దారి ఉన్నది, దాన్ని ఎవరూ ప్రస్తావించలేదు. ఏదైనా ప్రభుత్వ ఐటీఐకి గాని, పాలిటెక్నిక్‌కు గాని ఇవ్వవచ్చు. మా వనపర్తిలో రాజుల కోటలోనే 1959 నుండి పాలిటెక్నిక్ నడుస్తున్నది. రాజసౌధంలో తరగతులు జరిగినప్పుడు రాజసమైన కారు ప్రయోగశాలలో ఉంటే తప్పేమిటి? కార్బొరేటర్, డిస్ట్రిబ్యూటర్, వెనుక యాక్సిల్ అనేవి పిల్లలు ఇప్పుడు బొమ్మల్లోనే చూస్తున్నారు. చేత్తో విప్పి, మళ్ళీ బిగించే అవకాశం వారికి కలుగుతుంది. మీ నాయన పేరు మీద ఒక బోర్డు కూడా పెట్టిస్తారు.

పాలమూరు_పిస్టన్ రాశారు:

వనపర్తి అన్నగారితో నేను ఏకీభవించలేను. నేను ఐటీఐలో చదివి వచ్చినవాడినే. మాకు ఇచ్చిన జీపు ఇంజనును విప్పినది మొదటి బ్యాచి. ఆ తర్వాత వచ్చినవారికి మిగిలినది ఖాళీ డబ్బా. శిక్షణకు పనికిరావడానికి నడిచే క్లాసిక్ కారు అక్కరలేదు, పాత అంబాసిడర్ ఇంజను చాలు, అది తక్కువకు దొరుకుతుంది. ఇప్పుడు ఉద్యోగం రావాలంటే పిల్లలు సెన్సర్లు, స్కానర్లు, బీఎస్6 ఇంజన్లు నేర్చుకోవాలి. మంచి స్థితిలో ఉన్న కాంటెస్సాను ముక్కలు కోయించడం నాకు పాపంలాగే తోస్తుంది.

వనపర్తి_కోట రాశారు:

మూలసూత్రం నేర్వనిదే స్కానరు చూపే అంకెకు అర్థం తెలియదు. జీపును ఖాళీ డబ్బా చేసినది విద్యార్థులు కారు, పర్యవేక్షణ లేకపోవడం. ఆ ఒక్క అనుభవంతో అన్ని సంస్థలనూ తూచడం సరికాదు. అయితే ఫ్లోరోసిస్ బాధితులకు ఉపయోగపడాలన్న కోరికకు నా సలహా దూరమైనదని ఒప్పుకుంటాను.

దేవరకొండ_దారి రాశారు:

రవాణా శాఖ కార్యాలయంలో చాలాకాలం పనిచేసి పదవీ విరమణ పొందినవాడిని. మీరందరూ ఎవరికి ఇవ్వాలని వాదిస్తున్నారు, కాని ఇప్పటి స్థితిలో ఈ కారును ఎవరికీ ఇవ్వడం కుదరదు. కారణం, ఆర్.సి. చనిపోయినవారి పేరు మీద ఉన్నది. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం యజమాని చనిపోయిన 30 రోజుల్లో కార్యాలయానికి తెలియజేయాలి, మూడు నెలల్లో పేరు మార్పిడికి దరఖాస్తు చేయాలి. ఆ గడువు మీకు దాటిపోయింది. ఆలస్య రుసుము కట్టవలసి వస్తుంది గాని పని ఆగదు. ముందు 31వ ఫారంతో, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మీ అమ్మగారు, అక్కల అంగీకార పత్రాలు జోడించి కారును మీ ఒక్కరి పేరుకు మార్పించుకోండి. బీమాను కూడా మీ పేరుకు మార్పించండి. ఆ తర్వాతనే 29, 30 ఫారాలతో కొనేవారికో, ట్రస్టుకో బదిలీ. కొనేవారు వేరే రాష్ట్రం వారైతే 28వ ఫారంతో ఎన్‌ఓసి (అభ్యంతరం లేదనే పత్రం) కూడా కావాలి.

తాళం చెవి ఇచ్చేశాం, దండం పెట్టేశాం, ఇక మన బాధ్యత తీరిందనుకునేవారు చాలామంది. 2018లో సుప్రీంకోర్టు ఒక కేసులో స్పష్టంగా చెప్పింది. బండి అమ్ముడై ఒకరి తర్వాత ఒకరి చేతులు మారినా, రిజిస్ట్రేషన్ పుస్తకంలో ఎవరి పేరు ఉంటే వారే యజమాని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వారిదే. ఆశ్రమం డ్రైవరు మర్రిగూడ చౌరస్తాలో ఎవరికైనా తగిలిస్తే నోటీసు మీ ఇంటికి వస్తుంది. దానమైనా, అమ్మకమైనా పేరు మారిన కార్డు చూసిన తర్వాతనే బండి గేటు దాటాలి.

వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. 2021 నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటిన, అసలు రూపం చెడని బండ్లకే అది వర్తిస్తుంది. మీ కాంటెస్సాకు ఆ యోగం 2041లో పడుతుంది. అప్పటివరకు ఐదేళ్ళకోసారి మామూలు రెన్యువల్, దానితోపాటు పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ తప్పవు. 20 ఏళ్ళు దాటిన కారుకు రెన్యువల్ రుసుము 2025 ఆగస్టు సవరణతో 10,000 రూపాయలు అయింది. గడువు దగ్గర పడిన బండిని ట్రస్టుకు ఇస్తే ఆ ఖర్చు కూడా వారి నెత్తిన పడుతుంది.

చిట్యాల_చౌరస్తా రాశారు:

మ్యూజియానికి ఇవ్వరాదా? హర్యానాలో తావడు దగ్గర హెరిటేజ్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం ఉన్నది, కోయంబత్తూరులో జీడీ కార్ మ్యూజియం ఉన్నది. కారు పదిలంగా ఉంటుంది.

నకిరేకల్_మాస్టారు రాశారు:

కారు పదిలంగా ఉంటుంది సరే, మర్రిగూడ వారికి ఏమి ముడుతుంది?

పానగల్లు_వాసి రాశారు:

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు గారు చెప్పినట్లు ఆశ్రమానికి వెళ్ళి ఖర్చుల సంగతి నేరుగా అడిగాను. నడిపే పెద్దమనిషి కొంత మొహమాటపడి, చివరకు తమకు కారు భారమే అవుతుందని, నెలనెలా ఫిజియోథెరపీకి, చక్రాల కుర్చీల మరమ్మతుకు సొమ్ము కావాలని చెప్పారు. కృష్ణా నీళ్ళు వచ్చిన తర్వాత కొత్త కేసులు తగ్గినా, పాతవారి ఎముకల బాధ తగ్గలేదు కదా అన్నారు. కాబట్టి అమ్మి సొమ్ము ఇవ్వాలని నేను, అక్కలు అనుకున్నాం.

చిక్కు ఎక్కడంటే, సినిమాలవారికి అమ్మడం అమ్మకు ఇష్టం లేదు. ఏదో సన్నివేశంలో దాన్ని లోయలో పడేస్తారని ఆమె భయం. కొనేవారితో దీన్ని ధ్వంసం చేయరాదని, రంగు మార్చరాదని రాయించుకోవచ్చునా?

నకిరేకల్_మాస్టారు రాశారు:

అమ్మిన తర్వాత షరతులు పెట్టడం ఏనుగును అమ్మి అంకుశం దగ్గర తగవులాడినట్లు ఉంటుంది. రాయించుకోవచ్చు గాని, కాపలా ఎవరు కాస్తారు? షరతు పెట్టడం కంటే కొనేవారిని ఎంచుకోవడం మీ చేతిలో ఉన్న పని. ధర కొంత తగ్గినా కాంటెస్సాను ప్రేమించి నడిపే మనిషికి అమ్మండి.

పాలమూరు_పిస్టన్ రాశారు:

మాస్టారు చెప్పినది నిజం. అయితే ధర మరీ తగ్గించుకోకండి, అది ఆశ్రమం సొమ్ము. అమ్మే ముందు కొత్త రంగు వేయించాలనే ఆలోచన కూడా వద్దు. తెలిసిన కొనుగోలుదారు పాత రంగును, అసలు సీటు బట్టను చూసి ఎక్కువ ఇస్తాడు. కొత్త రంగు చూస్తే కింద ఏమి దాచారో అని అనుమానిస్తాడు. రేడియేటర్ పైపులు, బ్రేకులు, ఇంధన పైపులు మార్చి, తుప్పును ఉన్నది ఉన్నట్లు ఫొటోలు తీసి పెట్టండి. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్.సి.తో సరిపోతున్నాయో లేదో ముందే చూడండి, పాత బండ్లలో బేరాలు అక్కడే చెడిపోతాయి. బండిని మహబూబ్‌నగర్ తెస్తే అడుగు భాగం నేను చూసి పెడతాను, దీనికి డబ్బు తీసుకోను.

పానగల్లు_వాసి రాశారు:

తమ్ముడూ, మీ మేలు మరువను, తప్పక తెస్తాను. 31వ ఫారానికి కాగితాలు సిద్ధం చేస్తున్నాం. లెక్కల పద్దు గారికి ఒక ప్రశ్న. కారు నా పేరుకు మారి, అమ్మకం సొమ్ము నా ఖాతాలో పడుతుంది. కాని అది నలుగురిదీ. దానం నలుగురి పేరు మీద రసీదుగా రావాలని అక్కల కోరిక. ఎట్లా చేయాలి?

లెక్కల_పద్దు రాశారు:

ఎవరి ఖాతా నుండి సొమ్ము పోతే వారి పేరునే రసీదు, 10బీఈ పత్రం వస్తాయి. ముందుగా అమ్మగారి వాటా, అక్కల వాటాలు వారి వారి ఖాతాలకు బదిలీ చేయండి. వారసత్వ వాటాల పంపకమని నలుగురూ సంతకాలు చేసిన కాగితం ఒకటి ఉంచుకోండి. ఆ తర్వాత ఎవరికి వారు ట్రస్టు ఖాతాకు పంపితే నాలుగు రసీదులు వస్తాయి. పంపేటప్పుడు పాన్ నంబరు తప్పు లేకుండా ఇవ్వాలి. పాత విధానంలో రిటర్ను వేసేవారికి మాత్రమే దాని వల్ల పన్ను లాభం. అమ్మగారికి పన్ను వచ్చేంత ఆదాయం లేకపోతే ఆమె పేరున రసీదు వల్ల పన్నులో మార్పేమీ ఉండదు. అయినా ఆమె పేరున ఒకటి తీసుకోండి, ఆ కోరిక మోసినది ఆమె కదా.

దేవరకొండ_దారి రాశారు:

కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం మీ సేవలో దరఖాస్తు ఈ వారమే పెట్టండి. ఆలస్యమయ్యేది అక్కడే. ఆర్టీఓ కార్యాలయానికి స్లాట్ దొరికిన రోజు బండిని కూడా తీసుకుపోవలసి ఉంటుంది, కాబట్టి కాలుష్య పత్రం గడువు చూసుకోండి.